బంపర్ మీద బరువు

ఆరు కాకముందే పూర్ణిమ రేకుల షెడ్డులోకి వెళ్లింది. వాన వెలిసి మూడు రోజులైంది. నల్లరేగడి నేల కాలు పెడితే దిగబడకుండా, చేత్తో పిసికితే పొడి అయ్యేంత వరకు ఆరింది. ఆ పదును రెండు రోజులే ఉంటుంది. ఈ రెండు రోజుల్లో అనసూయ అనే రైతు మూడెకరాల పత్తిలో పూర్ణిమ గొర్రు తోలాలి. ఆరున్నరకల్లా చేలో ఉంటానని మాటిచ్చింది.

ట్రాక్టరు చిన్నది, ఇరవై నాలుగు హెచ్‌పీది. మూడడుగుల సాళ్ల మధ్య మొక్కకు తగలకుండా పోతుంది. దాని వెనక మూడడుగుల గొర్రు కట్టుకుని పూర్ణిమ ఐదేళ్లుగా పత్తిలో, మిరపలో కలుపు తీస్తోంది. ట్రాక్టరు నేర్పింది భర్త గోపీనాథే. అతను పిడుగురాళ్లలో క్వారీ నుంచి బట్టీలకు సున్నపురాయి లారీ నడుపుతాడు. కరోనా ఏడాది లారీలు ఆగిపోయి ఇంట్లో ఉన్నప్పుడు నేర్పాడు. లారీలు మళ్లీ కదిలాక అతను వెళ్లిపోయాడు, వారానికోసారి వస్తాడు. ట్రాక్టరు ఆమె చేతిలో ఉండిపోయింది. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో గొర్రు కావాలంటే పూర్ణిమ నంబరుకే ఫోన్ చేస్తారు.

ఆమె స్టార్ట్ చేసి, వెనక్కి తోలి, గొర్రు ముందు ఆపి దిగింది. ట్రాక్టరు వెనక రెండు ఇనప లింకులుంటాయి. లింకు కొసన గుండు, గుండుకు రంధ్రం. గొర్రుకున్న పిన్నులు ఆ రంధ్రాల్లో దూర్చి, పైన మూడో లింకు బిగిస్తే గొర్రు ట్రాక్టరుకు అతుక్కుంటుంది. రోజూ రెండు నిమిషాల పని. పూర్ణిమ ఎడమ పిన్ను దూర్చింది. అది రంధ్రంలో లొటలొటలాడింది. వంగి చూసింది. గుండు తనది కాదు. లింకు కూడా తనది కాదు. కొస కోసేసి ఆరంగుళాల ఇనుము అతికించారు. వెల్డింగ్ మీద ఇంకా మసి ఉంది.

నిన్న ఆమె అత్త నరసమ్మకు కళ్లు చూపించడానికి నరసరావుపేట వెళ్లి ఆఖరి బస్సుకు వచ్చింది. షెడ్డు వైపు చూడలేదు. గోపీనాథ్ ఇంట్లోనే ఉన్నాడు. "పొద్దున నీకొకటి చూపిస్తా" అని నవ్వి పడుకున్నాడు.

ఆమె ఇంట్లోకి వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"ఏమయ్యా, లింకులెవరు కోశారు?"

గోపీనాథ్ లేచి కూర్చున్నాడు. "చూసేశావా? నేనే చూపిద్దామనుకున్నా. రా."

షెడ్డు వెనకకు తీసుకెళ్లి టార్పాలిన్ లాగాడు. కింద రోటావేటర్ ఉంది, తిరిగే కత్తులతో నేలను దున్ని పొడి చేసేది. పెద్ద ట్రాక్టర్లకు కట్టే ఆరడుగులది.

"నడికుడిలో ఒకాయన పెద్ద ట్రాక్టరు అమ్మేసుకున్నాడు. ఇది మిగిలిపోయింది. నాకిచ్చాడు. దీని పిన్నులు లావు, మన గుండ్లకు ఎక్కవు. అందుకని జయపాల్ షెడ్డుకు తోలుకుపోయి, కొసలు కోయించి, పెద్ద గుండ్లు వేయించా. పొడుగు కూడా పెంచితేగానీ టైర్లకు తగలకుండా రాలా. దీని అడ్డం చూడు. నువ్వు రెండు సార్లు తిరిగేది ఒకసారికి అయిపోద్ది."

"నా గొర్రు ఎట్టా తగిలించాలి?"

"ఇంక గొర్రెందుకే?"

"పత్తి సాళ్లలో ఆరడుగులది తోలితే పత్తి ఉంటదా?"

గోపీనాథ్ ఒక క్షణం ఆలోచించాడు. "పత్తికి కూలోళ్లున్నారు. మనం దుక్కి పనులు చేద్దాం. పెద్ద పనులు."

"ఇయ్యాల అనసూయక్క చేలో ఉంటానని చెప్పా. ఆరున్నరకి. పిన్ను ఇంత లొటలొటలాడితే గొర్రు అటూ ఇటూ ఊగుద్ది. పత్తిని కోసుకుంటా పోద్ది. నన్నొక్క మాట అడిగావా?"

"నిన్నడిగేదేంది? బండి నా పేరు మీద ఉంది. తోలటం నేను నేర్పింది."

"నేర్పావు. ఐదేళ్ల నుంచి దాని మీద కూర్చునేదెవరు? ఆ లింకుల కింద దూరి బురద కడిగేదెవరు? లింకు కోసే ముందు కనీసం ఫోన్ చేయాలని తోచలేదా?"

అరుగు మీద నుంచి నరసమ్మ అందుకుంది. కళ్లలో మందు వేసుకుని తల పైకెత్తి కూర్చుంది. "పొద్దున్నే ఏందే ఆ గొంతు? మగోడు ఒక పెద్ద వస్తువు తెస్తే సంతోషపడాలి గానీ, ఊరంతా వినేటట్టు అరుస్తావా?"

"వింటే విననీ అత్తా. ఊరికి నేనేం చెప్పాలో నువ్వే చెప్పు. నా మొగుడు బండి చేతులు కోయించాడని చెప్పనా?"

"నోరు పెరిగిందే నీకు. ట్రాక్టరెక్కినప్పటి నుంచి నేను చూస్తన్నా."

"నోరు కాదమ్మా పెరిగింది, పేరు." గోపీనాథ్ మాట తల్లితో, చూపు పెళ్లాం మీద. "టీ కొట్టు కాడ ఏమంటన్నారో తెలుసా? 'గోపీ, మీ ఆవిడ బొమ్మ ట్రాక్టరు ఖాళీగా ఉందా' అంటన్నారు. నా పేరు ఎవడికీ గుర్తు లేదు. పూర్ణిమ మొగుడు అంటేనే తెలుస్తది. ఇయ్యాల ఆరడుగులది చూపిస్తే బొమ్మో కాదో తెలుస్తది."

అంత మాట పైకి అనాలని అతను అనుకోలేదు. అనేశాక షెడ్డు వైపు తిరిగి టార్పాలిన్ మడతపెట్టసాగాడు. పూర్ణిమకు కోపం తగ్గలేదు. ఇప్పుడు కారణం కూడా తెలిసింది, అంతే.

ఫోన్ మోగింది. అనసూయ.

"ఏమ్మా, యాడున్నావు? చేలో నిలబడి చూస్తన్నా."

"అక్కా, ఇయ్యాల రాలేను. లింకులు పాడైనయ్. బాగు చేయించి..."

"పాడైతే నిన్న చెప్పాలి గదా? కారంపూడి అబ్బాయి వస్తానంటే వద్దన్నానే నీ మాట మీద. ఈ రెండు రోజులు పోతే మళ్లీ వాన. కలుపు నా మోకాలికొచ్చుద్ది. అందరి మాదిరే చేశావు నువ్వు కూడా."

అనసూయ ఫోన్ పెట్టేసింది. ఐదేళ్లలో పూర్ణిమ చెప్పిన టైముకు చేలో లేకపోవడం ఇదే మొదటిసారి. ఎవరూ ఆమెను అలా అనడం కూడా ఇదే మొదటిసారి.

"ఏమందంట?" అన్నాడు గోపీనాథ్.

"అందరి మాదిరే చేశావంది."

"పోనీలే. మనం మిరప వేసే చేను రెండెకరాలు ఖాళీగా ఉంది, దాన్ని దున్ని చూడు. అప్పుడు మాట్లాడు."

"నీ ముందే తోలతా. చూస్తే గానీ నీకు తెలీదు."

ఆ మాట కోపంలో అంది. ఆ తర్వాత ఆ రోజంతా జరిగింది ఆ మాట మీదే జరిగింది.

మామ శివయ్య అప్పటిదాకా షెడ్డు గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు క్వారీలో రాయి కొట్టాడు. ఇంట్లో మాట్లాడే అవసరం పెట్టుకోడు. రోటావేటర్‌ను లింకులకు తగిలించేటప్పుడు వంగి, వెల్డింగ్‌ను వేలితో తడిమి చూశాడు. కొడుకు ముఖం చూశాడు. ఏమీ అనలేదు.

చేను ఊరికి కిలోమీటరు. దారిలోనే గతుకుల దగ్గర సంగతి బయటపడింది. లివరు లాగి రోటావేటర్‌ను ఇంకా పైకెత్తగానే ట్రాక్టరు ముందు భాగం తేలిపోయింది. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి తిరగడం లేదు. వెనక బరువు ఎక్కువ. పైగా లింకులు ఆరంగుళాలు పొడుగు కావడంతో ఆ బరువు ఇంకా వెనక్కు జరిగింది. పూర్ణిమ ఆపి చెప్పింది.

"ముందు లేస్తోంది."

"ముందు బరువు కడితే సరిపోద్ది. అందరూ కట్టేదే." గట్టు మీద పడి ఉన్న నాపరాళ్లు రెండు మోసుకొచ్చి గోపీనాథ్ బంపరుకు తాడుతో కట్టాడు.

చేలోకి దిగేటప్పుడు మొదటి కుదుపుకే ఒక రాయి జారి రెండు ముక్కలైంది. రెండోది తాడు తెంచుకుని పడింది. గోపీనాథ్ తాడు చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు. పక్క చేలో ఆరుగురు ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వాళ్లూ చేతులాపి చూస్తున్నారు.

అప్పుడు శివయ్య భుజం మీది కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, బంపరు మీద వేసి, దాని మీద కూర్చున్నాడు. వీపు రేడియేటరు జాలీకి ఆనించాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి హెడ్‌లైటు కడ్డీలు పట్టుకున్నాడు.

"మావయ్యా, ఏంది అది? దిగు."

"అరవై కిలోలుంటానమ్మా. తోలు."

పూర్ణిమ గోపీనాథ్ వైపు చూసింది. అతను తండ్రి వైపు చూశాడు. వద్దనడానికి అతనికి ఒక క్షణం చాలు. ఆ క్షణంలో అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఊళ్లో ఇట్టా కూర్చోనోళ్లెవరు? మెల్లగా తోలు. వీడియో తీస్తా."

ఆమె దిగి ఉండాల్సింది. దిగలేదు. మామ తోలమన్నాడు, మొగుడు తోలమన్నాడు, పక్క చేలోవాళ్లు చూస్తున్నారు, ఉదయం నుంచి రగులుతున్న కోపం ఒకటి చూపిస్తానంటోంది. క్లచ్ వదిలింది.

మొదటి సాలు బాగానే పోయింది. రోటావేటర్ నేలలో ఉన్నంతసేపు బండి తిన్నగా ఉంటుంది. చివర తిప్పుకోవడానికి లివరు లాగినప్పుడే ముందు లేస్తుంది. బానెట్ మీద నుంచి ఆమెకు మామ తల, మెడ కనిపిస్తున్నాయి. ప్రతి మలుపులో ఆ తల నాలుగు వేళ్లంత పైకి లేచి మళ్లీ దిగేది. లేచినప్పుడల్లా కడ్డీల మీద వేళ్లు బిగుసుకునేవి. ఇదొక్కటి చూసి ఆపేస్తానని ఆమె ప్రతి మలుపులో అనుకుంది. అనుకుంటూనే తర్వాతి సాలులోకి తిప్పింది. గట్టు మీద గోపీనాథ్ ఫోన్ పట్టుకుని ఆమెతో పాటు నడుస్తున్నాడు.

పదమూడో మలుపులో వెనక టైరు గట్టు మొదలు మీదికెక్కింది. ఆమె అప్పుడే లివరు లాగింది. ముందు చక్రాలు రెండూ అడుగు ఎత్తున లేచాయి. శివయ్య ఎడమ చెయ్యి కడ్డీ వదిలింది. మనిషి పక్కకు జారి, ఒక చేత్తో వేలాడాడు. పూర్ణిమ క్లచ్, బ్రేకు రెండూ తొక్కి లివరు దించేసింది. రోటావేటర్ నేలకు కొట్టుకుంది, ముందు భాగం దబ్బున కింద పడింది.

ఆమె దూకి పరుగెత్తింది. శివయ్య మట్టిలో కూర్చుని ఉన్నాడు. అతని ఎడమ కాలి చెప్పు ముందు టైరు కింద ఉంది. కాలు బయట ఉంది. మధ్యన జానెడు దూరం.

"ఏం కాలేదమ్మా. చెప్పే."

అతను చెప్పు లాగడానికి చూశాడు, రాలేదు. వదిలేసి లేచాడు. ఒంటికాలి చెప్పుతో నడిచి, కండువా దులిపి, మళ్లీ బంపరు మీద పరిచాడు.

పూర్ణిమ వెళ్లి ఇంజన్ ఆపి, తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఏందే ఆపావు?" గోపీనాథ్ గట్టు దిగి వస్తున్నాడు. "నాన్నా, దెబ్బేమైనా తగిలిందా?"

"లేదురా."

"మరి ఆపావేం?"

"వీడియో వచ్చిందా?" అంది పూర్ణిమ. "మీ నాన్న చెప్పు టైరు కింద పడింది వచ్చిందా? రాకపోతే చెప్పు, మళ్లీ తోలతా. ఈసారి కాలు పడేటట్టు తోలతా."

"నోటికొచ్చినట్టు వాగమాక. గట్టు ఎక్కించింది నువ్వు. చూసి తోలాలి."

"నేనా? ముందు చక్రాలు గాల్లో ఉంటే ఏం చూసి తోలేది? స్టీరింగ్ పట్టుకున్నా, బడిపిల్లల బొమ్మ స్టీరింగ్ పట్టుకున్నా ఒకటే. లారీ నడుపుతావు గదా, వెనక ఎంత బరువేస్తే ముందు లేస్తదో నీకు తెలీదా? తెలుసు. తెలిసే మీ నాన్నను తూకం రాయి చేసి కూర్చోబెట్టావు. ఎందుకూ? టీ కొట్టు కాడ చూపించేదానికి."

"నేను కూర్చోబెట్టలా. ఆయనే కూర్చున్నాడు."

"వద్దన్నావా?"

గోపీనాథ్ వీడియో ఆపాడు. పక్క చేలో కలుపు పని పూర్తిగా ఆగిపోయింది. ఆరుగురూ లేచి నిలబడ్డారు.

"భయమైతే తప్పుకో, నేను తోలతా." గొంతు పెంచాడు. "తాళం ఇటియ్యి."

"ఇయ్యను. నువ్వు బంపరెక్కు. ఎనభై రెండు కిలోలున్నావు, మీ నాన్నకంటే నయం. ఎక్కు. నేను తోలతా."

"పిచ్చి మాటలు మాట్లాడమాక."

"పిచ్చేముంది? ఊళ్లో ఇట్టా కూర్చోనోళ్లెవరన్నావు గదా ఇందాక. పెద్దాయన పన్నెండు మలుపులు తిరిగాడు. నువ్వు ఒక్కటి తిరుగు."

గోపీనాథ్ పక్క చేను వైపు చూశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, తండ్రి కండువా పక్కకు తీసి, బంపరు మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, వద్దు" అన్నాడు శివయ్య.

ఆమె వినలేదు. సీటెక్కి స్టార్ట్ చేసింది. ఇప్పుడు ఆమె ముందు గోపీనాథ్ తల ఉంది, మెడ మీద లారీ ఎండకు కమిలిన గీత ఉంది. ఆ మెడ చూస్తూ సాలు చివరిదాకా తోలింది. మెల్లగా తోలాలని ఆమెకు తెలుసు. లివరు కొంచెం కొంచెంగా లాగాలనీ తెలుసు. ఒక్కసారిగా లాగింది.

ముందు భాగం లేచింది. ఎనభై రెండు కిలోలు కూడా చాలలేదు.

"ఆపు! ఆపవే! పూర్ణీ, ఆపు!"

ఆపింది. లివరు దించింది. గోపీనాథ్ దిగాడు. అక్కడే మట్టిలో కూర్చున్నాడు. అరచేతులు చూసుకున్నాడు. కడ్డీ పట్టు గీతలు పడి ఉన్నాయి. ఇంజన్ మోత ఒక్కటే ఉంది. ఆమె అది కూడా ఆపేసింది.

"ప్రతి మలుపులో ఇట్టానే లేచిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఇంత కాదు. నాలుగు వేళ్లు."

"పన్నెండు మలుపులు?"

"పన్నెండు."

అతను తలెత్తి చూశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "గట్టు మీద నుంచి నాకది కనపళ్లా. నీకు కనపడింది. కనపడి పన్నెండు మలుపులు తిప్పావా మా నాన్నని? తిప్పి, ఇప్పుడు నన్నంటన్నావా?"

పూర్ణిమ నోరు తెరిచింది. మామ తోలమన్నాడు అనవచ్చు. నువ్వు తోలమన్నావు అనవచ్చు. రెండూ నిజమే. కానీ కాలు తనది, క్లచ్ తనది. ప్రతి మలుపులో ఆ తల లేవడం చూస్తూ, ఆపుతాననుకుంటూ ఆపలేదు. మొగుడికి చూపించాలన్న పంతంలో ముసలాయన బరువును తనూ వాడుకుంది. ఉదయం నుంచి మొగుడి మీద ఉన్న కోపం తన మీదికి తిరిగింది. అది మొదటిదానికంటే మంటగా ఉంది. ఆమె స్టీరింగ్ మీద తల పెట్టింది.

"అయింది. ఇంక చాలు" అన్నాడు శివయ్య.

ఇద్దరూ అతని వైపు చూశారు. అతను వచ్చి చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఎవరూ నన్ను ఎక్కించలా. లేస్తదని నాకు తెలుసు. వెల్డింగ్ చూసినప్పుడే తెలుసు. ముప్పై ఏళ్లు రాళ్లు జరిపినోణ్ని, బరువు ఎటు పోద్దో నాకు ఒకళ్లు చెప్పాలా?"

"తెలిసి ఎందుకెక్కావు నాన్నా?"

శివయ్య ఒంటికాలి చెప్పు విప్పి పక్కన పెట్టాడు.

"నువ్వు చేయించింది కుదరదని చెప్పాలి గదా. అమ్మాయి ముందు చెప్పాలి. అమ్మలక్కలంతా చూస్తన్నారు. పెళ్లాం ముందు కొడుకుని తక్కువ చేయకూడదని మా నాయన నేర్పాడు. నా పెళ్లయినాక ఒక్కనాడూ మీ అమ్మ ముందు నన్ను మాట అనలా ఆయన. నేనూ నిన్ను అనలా. రాళ్లు పడిపోయినయ్. కూర్చుంటే పని నడిచిద్ది, నీ మాటా నిలబడుద్ది అనుకున్నా."

"ఆ ఒక్క మాట అనలేక చచ్చిపోయేవాడివా మావయ్యా?" పూర్ణిమ సీటు దిగి వచ్చింది. అరుస్తోంది. ఏడుస్తోంది కూడా. "మేం ఏం చెప్పుకునేవాళ్లం? జారి పడ్డాడని చెప్పుకునేవాళ్లమా? నీ టైరు కిందే పోయాడు మీ మామ అని రోజూ ఊరు నన్ను చూస్తే, నేను బండెక్కేదాన్నా? అన్నం తినేదాన్నా? ఒక్క మాట! 'తప్పురా' అనలేవా కన్నకొడుకుని? నువ్వు అనలేదు, ఆయన వద్దనలేదు, నేను ఆపలేదు. ముగ్గురం కలిసి నిన్ను చంపేవాళ్లం."

గోపీనాథ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని భుజాలు కదిలాయి. శివయ్య కొడుకు వీపు మీద చెయ్యి వేయబోయి, మట్టి చెయ్యని చూసుకుని ఆగాడు. తర్వాత మట్టి చెయ్యే వేశాడు.

పక్క చేలో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగి మళ్లీ కలుపు తీయడం మొదలుపెట్టారు.

రోటావేటర్‌ను అక్కడే చేలో విప్పేశారు. పిడుగురాళ్లకు పన్నెండు కిలోమీటర్లు. పూర్ణిమ ట్రాక్టరు తోలింది. వెనక బైకు మీద గోపీనాథ్, శివయ్య వచ్చారు. దారి పొడుగునా సున్నపురాయి లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు గోపీనాథ్‌ను చూసి హారన్ కొట్టారు. అతను చెయ్యి ఎత్తలేదు.

వెల్డింగ్ షెడ్డులో జయపాల్ అప్పుడే ఒక ట్రాలీ డోరు అతుకుతున్నాడు. వాళ్లను చూసి ముసుగు పైకెత్తాడు.

"ఏందన్నా, నిన్ననే గదా చేసింది? అతుకు ఊడిందా?"

"అతుకు బాగుంది" అంది పూర్ణిమ. "కొలత బాగాలేదు. ఆ ఆరంగుళాలు కోసెయ్. పాత గుండ్లు ఉన్నాయా?"

"పారెయ్యలేదమ్మా. డబ్బాలో ఉన్నయ్."

"అవే వెయ్. ఊరికే అతకమాక. గొట్టంలో గొట్టం దూర్చి, రెండు రంధ్రాలు పెట్టి, పిన్ను వేసేటట్టు చెయ్. ఒక రంధ్రంలో పెడితే గొర్రుకి సరిపోవాలి, ఇంకోదాంట్లో పెడితే మందు కొట్టే ట్యాంకుకి సరిపోవాలి. రెండింటికీ తేడా రెండంగుళాలే. ఇప్పటిదాకా ట్యాంకు కట్టినప్పుడల్లా గడ్డపారతో లాగి ఎక్కిస్తన్నా."

జయపాల్ లింకుల పక్కన కూర్చుని చూశాడు. "ఇది బాగుంటది. ఇట్టా ఎవరూ అడగలా. గొట్టం మందం మాత్రం గట్టిది వెయ్యాలి." చాక్‌పీసు ఆమెకు ఇచ్చాడు. ఆమె కింద కూర్చుని, టేపుతో కొలిచి లింకు మీద గీత పెట్టింది.

గోపీనాథ్ వెనక నిలబడి చూస్తున్నాడు. "రెండు కాదు, నాలుగంగుళాల దాకా జరిగేటట్టు పెడదాం" అన్నాడు. "నాలుగుంటే చిన్న సైజు రోటావేటర్ ఏదైనా దొరికితే ఎక్కించొచ్చు."

పూర్ణిమ చాక్‌పీసు ఆపింది. మళ్లీ మొదలుపెట్టడానికి నోరు తెరవబోయింది.

"వద్దురా" అన్నాడు శివయ్య.

గట్టిగా అనలేదు. కానీ అన్నాడు. జయపాల్ ఉన్నాడు, అతని దగ్గర పనిచేసేవాళ్లిద్దరున్నారు, కోడలుంది. శివయ్య మళ్లీ అన్నాడు.

"నువ్వు నిన్న చేయించింది తప్పు. ఇప్పుడు చెప్పేది కూడా తప్పు. పొడుగు పెరిగేకొద్దీ ముందు లేస్తది. అమ్మాయి గీత పెట్టిన కాడ కొయ్యి జయపాలూ."

గోపీనాథ్ ముఖంలో నెత్తురు పొంగింది. పూర్ణిమ చూస్తోంది. అతను బైకు తీసుకుని వెళ్లిపోతాడనుకుంది. తండ్రిని ఏదో ఒకటి అంటాడనుకుంది. అతను వంగి, టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"సరిగ్గా చదువు" అన్నాడు. "పదహారున్నరా, పదహారూ ముప్పావా?"

"పదహారున్నర."

"రాసుకో జయపాలూ. పదహారున్నర."

జయపాల్ ముసుగు దించాడు. "చూడమాకండి, కళ్లు పోతయ్. అటు తిరగండి."

ముగ్గురూ రోడ్డు వైపు తిరిగారు. వెనక రవ్వలు లేచాయి. వాటి వెలుగు ఎదురు గోడ మీద కొట్టుకుంటోంది. పక్కపక్కన నిలబడి ఉన్నా ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేదు. పూర్ణిమ అప్పుడు ఏడ్చింది. చేలో ఏడ్చినట్టు కాదు, చప్పుడు లేకుండా. ఒకవైపు మామ ఉన్నాడు, షెడ్డులో ఎవరివో అరువు చెప్పులు వేసుకుని. ఇంకోవైపు నుంచి గోపీనాథ్ తన జేబురుమాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. అతని వైపు చూడలేదు.

"కోపం పోలేదా?"

"పోలేదు. నీ మీదా పోలేదు, నా మీదా పోలేదు."

వెల్డింగ్ ఆగింది, మళ్లీ మొదలైంది.

"అనసూయక్కకు పొద్దున నేను ఫోన్ చేస్తా" అన్నాడు. "లింకులు పాడవలేదు, నేను కోయించానని చెప్తా. రేపు ఆరున్నరకు నువ్వు చేలో ఉంటావని చెప్తా."

"పొద్దునెందుకు? ఇప్పుడే చెయ్యి."

"ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"నన్నన్నది ఇయ్యాల. ఇయ్యాలే చెయ్యి."

గోపీనాథ్ తండ్రి వైపు చూశాడు. శివయ్య రోడ్డు వైపే చూస్తూ తల ఊపాడు. గోపీనాథ్ ఫోన్ తీశాడు. అనసూయ నంబరు అతని దగ్గర లేదు. పూర్ణిమ ఒక్కో అంకె చెప్పింది, అతను నొక్కాడు. అవతల రింగయింది.

"అక్కా, నేను గోపీనాథ్‌ని" అన్నాడు. ఆ పేరు ఆమెకు గుర్తు రాలేదు కాబోలు. అతను గొంతు సవరించుకుని, షెడ్డులో అందరికీ వినపడేటట్టు మళ్లీ చెప్పాడు.

"పూర్ణిమ మొగుణ్ని."